అరంగుళం గొట్టమూ, కాసులమ్మ బాయిలరూ

గృహ వాయు మండలి వారు మా ఊళ్లో 'ఏక గొట్టం విధానం' ప్రకటించిన రోజున నేను చప్పట్లు కొట్టాను. ఆ తప్పు ముందే ఒప్పేసుకుంటున్నాను. తర్వాత ఎవరో తవ్వి తీసి నా మొహాన కొట్టేదాకా ఆగడం నాకిష్టం లేదు.

విధానం చాలా సులువు. పూరిల్లయినా, మేడయినా, గ్యాసు ఒకే సైజు గొట్టంలో వస్తుంది. అరంగుళం. గోడల మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాయించారు: 'గొట్టంలో పేదా గొప్పా లేదు'. ముప్పై ఏళ్లుగా పంపుసెట్లు బాగుచేసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడల్లా సమానత్వం కోసం అర్జీలు పెట్టుకుంటూ బతికిన మనిషిని. గోడ మీద ఆ మాట చూసి కళ్లు చెమర్చాయి. గొట్టం గురించి ఆలోచించలేదు. పంపుసెట్ల మేస్త్రీని అయ్యుండి గొట్టం గురించి ఆలోచించకపోవడం అంటే వంటవాడు ఉప్పు గురించి మర్చిపోవడమే.

మా రైసుమిల్లు వీధిలో ఇళ్లు కొలబద్దల్లా ఉంటాయి. వెడల్పు పన్నెండడుగులు, పొడవు నూరడుగులు. ముందు వీధి, వీధి మీదకి అరుగు, గది వెనక గది, చివర దొడ్డి, దొడ్డి గోడ వెనక మనిషి, గేదె ఎదురుపడితే గేదెకే దారివ్వాల్సినంత సన్నటి సందు. వీధిలో నిలబడి పిలిస్తే దొడ్లో ఉన్నవాళ్లకి సగం మాటే వినపడుతుంది. గ్యాసు కూడా అంతే. వీధిలో మీటరు దగ్గర గట్టిగా బయల్దేరి, సన్నటి గొట్టంలో నూరడుగులు ఒరుసుకుంటూ వచ్చి, దొడ్డి చేరేసరికి నీరసపడిపోతుంది.

చిన్న పొయ్యికి అది చాలు. కాసులమ్మకి చాలదు.

కాసులమ్మ అంటే మా ఊళ్లో తెలియనివాళ్లు ఉండరు. అరవై రెండేళ్లు. బాలింతలకీ పసిపిల్లలకీ నీళ్లు పోయడం ఆవిడ పని. రోజుకి ఆరుగురు బాలింతలు ఆటోల్లో ఆవిడ దొడ్లోకి వస్తారు. ముక్కాలి పీట మీద కూర్చుని, రెండు కాళ్లూ చాపి, పిల్లని కాళ్ల మీద వేసుకుని, మాడు మీద చెయ్యి అడ్డం పెట్టి నీళ్లు పోస్తే, అంతవరకూ కాకిగోల పెట్టిన పిల్ల పక్క ఊరికి బస్సెక్కినంత ధీమాగా నిద్రపోతుంది. మా మున్సిపల్ కౌన్సిలర్లలో సగం మంది ఆ కాళ్ల మీద ఏడ్చినవాళ్లే.

దొడ్లో ఆవిడకి రాగి బాయిలరు ఉండేది. కట్టెలతో కాగేది. గ్యాసు లైను వచ్చాక మా వీధిని మండలి వారు 'పొగరహిత వీధి'గా ప్రకటించారు. కట్టెల పొయ్యికి గుడ్డ చుట్టి లక్క సీలు వేసి, దాని స్థానంలో గ్యాసు బాయిలరు పెట్టి వెళ్లారు. ఆవిడ ముట్టించింది. ఆవగింజంత మంట వచ్చింది. వణికింది. ఆరిపోయింది.

ఇది జరిగింది సరిగ్గా ఆవిడ కోడలు రత్నకుమారికి తొమ్మిదో నెల వచ్చినప్పుడు.

"ఊరందరి పిల్లలకీ పోశాను తమ్ముడా," అంది కాసులమ్మ నాతో. "నా మనవలకి చన్నీళ్లు పోస్తానా ఏంటి. మూడు వారాలుంది. ఏదోటి చెయ్యి."

గొట్టాలు బిగించే ఇస్మాయిల్‌ని పిలుచుకొచ్చాను. అతను గొట్టం వెంట వీధి నుంచి దొడ్డిదాకా నడిచి, వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

"ముప్పై మీటర్లు, పదకొండు మలుపులు మేస్త్రీ. ఒక్కో మలుపూ ఇంకో రెండడుగుల గొట్టం కింద లెక్క. ఈ సన్నటిదాంట్లో అంత దూరం అంత గ్యాసు రాదు. అంగుళం వెయ్యాలి. వాళ్లు ఊ అంటే పొద్దున్న మొదలెట్టి మధ్యాన్నం అన్నానికి ఇంటికెళ్లిపోతాను."

పూట పని. నేను నమూనా కోసం ఆరడుగుల అంగుళం గొట్టం ముక్క కొని, భుజాన వేసుకుని, మండలి ఆఫీసుకి వెళ్లాను.

గేటు దగ్గర వాచ్‌మన్ గొట్టాన్ని లోపలికి పంపనన్నాడు. అది ఆయుధమా, సామానా, సందర్శకుడా అనేది తేల్చుకోలేక, చివరికి నా పేరు కింద రిజిస్టరులో 'గొట్టం, ఒకటి, మేస్త్రీతో' అని రాసి దానికీ ఒక పాసు కట్టాడు. ఆ పాసు ఇప్పటికీ దాని మెడలోనే ఉంది.

గొట్టాల పరిమాణ అధికారి కృపానందం గారు చాలా మర్యాదస్తుడు. నన్ను కూర్చోబెట్టారు. గొట్టానికి కూడా గోడ పక్కన చోటు చూపించారు. ఆయన కుర్చీ వెనక గోడ మీద, అద్దం కట్టించిన పటంలో, మండలి వారి సొంత పట్టిక ఉంది. దూరం ఇంత, బాయిలరు ఇంత అయితే గొట్టం ఎంత ఉండాలో గడులు గడులుగా అచ్చువేసి ఉంది. నేను లేచి వెళ్లి ముప్పై మీటర్ల వరుస మీద వేలు పెట్టి చివరిదాకా జరిపాను.

"ఇక్కడ అంగుళం అని ఉందండి. మీ పట్టికే."

"అవునండి. ఆ పటం మా ముందున్న అధికారి గారు పెట్టించారు. గోడకి నిండుగా ఉంటుందని ఉంచాం. దాన్ని చివరి గడిదాకా చదివే అధికారం ఈ కార్యాలయానికి దఖలు పడలేదు."

"మరి బాయిలరు వెలగాలి కదండీ."

"తప్పకుండా వెలగాలి. అది మా లక్ష్యం." ఆయన ఒక కాగితం తీసుకుని మూడు సున్నాలు గీశారు. "చూడండి. ఇందులో మూడు అంశాలు. గొట్టం వ్యాసం, గొట్టం పొడవు, వాడకం. మొదటిది విధానం. విధానం స్థిరం. మిగతా రెండూ మారగలవు. తదనుగుణంగా మారవలసినవి అవే."

"పొడవంటే కాసులమ్మ గారి ఇల్లండి. వాడకం అంటే కాసులమ్మ గారండి."

"సరిగ్గా గ్రహించారు," అన్నారు కృపానందం గారు సంతోషంగా.

ముందు వాడకం మీద పడ్డారు. నాలుగో రోజున ఒక అసిస్టెంటు ఇంజనీరు, ఇద్దరు గుమాస్తాలు, ఒక ప్లాస్టిక్ బేసినూ దిగారు. 'ఉష్ణజల నిర్ధారణ బృందం' అని ఆ బేసిను మీద కూడా రాసి ఉంది. మండలి వారు కొత్త నిర్వచనం ఒకటి ఖాయం చేశారు. ఉష్ణజలం అనగా, చేయి పెట్టినప్పుడు చల్లగా లేదని వినియోగదారు అంగీకరించిన జలం.

ఆవగింజ మంట మీద అరగంట ఉంచిన నీళ్లు బేసినులో పోశారు.

"చేయి పెట్టండమ్మా. ఎలా ఉంది?"

"చల్లగా ఉందండి."

"ఎంత చల్లగా?"

"నూతిలో నీళ్లంత."

"నూతి నీళ్లు చలికాలంలో వెచ్చగానే ఉంటాయి కదమ్మా."

"ఇది వేసంకాలం బాబూ."

ఇంజనీరు గుమాస్తా వైపు తిరిగి, "ఋతువు రాయక్కర్లేదు," అన్నాడు. "నూతి నీటితో సమానం, కావున వెచ్చన, అని రాయండి."

కాసులమ్మ లేచింది. చెంబుతో ఆ నీళ్లు ముంచి, పసిపిల్లలకి పోసినంత నిదానంగా, ఆయన నడినెత్తి మీద పోసింది. ఆయన నోట్లోంచి వచ్చిన కేక విని మిల్లులో పావురాలు లేచాయి. రికార్డులో మాత్రం 'నీటిపై అధికారి స్వయంగా సంతృప్తి చెందిరి' అని రాసుకున్నారు. కింద సంతకం వణికి ఉంది.

వాడకం తగ్గదని తేలింది కాబట్టి పొడవు మీదకి వచ్చారు. పదకొండు మలుపులూ రెండేసి అడుగుల కింద లెక్క అని ఇస్మాయిల్ చెప్పిన మాట ఎలా పాకిందో మండలి దాకా పాకింది. మలుపులు తీసేస్తే గొట్టం ఇరవై రెండడుగులు తగ్గినట్టే అని కృపానందం గారు ఒక నోటు రాశారు. నాకు నచ్చింది. లెక్క నిజమే. అయితే మలుపుల్లేకుండా గొట్టం రావాలంటే గోడ వెంబడి రాదు. వీధి గుమ్మం పక్కనుంచి దొడ్డి గుమ్మం దాకా, ముందు గదీ, నడి గదీ, పడక గదీ, వంటిల్లూ చీల్చుకుంటూ, ఇంటికి శూలం గుచ్చినట్టు సూటిగా వచ్చింది. మనిషి మెడ ఎత్తులో.

ఆ వారం రోజులూ కాసులమ్మ ఇంట్లో అందరూ వంగి నడిచారు. మంచినీళ్లు తాగాలన్నా వంగాలి. దీపం పెట్టాలన్నా వంగాలి. ఏ దేవుడికీ ఆ ఇంట్లో అన్ని దణ్ణాలు ముట్టి ఉండవు. తొమ్మిది నెలల కడుపుతో రత్నకుమారి రోజుకి నలభై సార్లు వంగింది. నేను అర్జీ పెడితే, గర్భిణులకు వంగడం మంచి వ్యాయామం అని ఒక కరపత్రం జతచేసి జవాబు పంపారు.

"ఆ కరపత్రం రాసినాయన్ని ఒకసారి రమ్మనండి బాబాయ్," అంది రత్నకుమారి. "కడుపుకి బిందె కట్టి నేనే వంగబెడతాను."

ఇంత చేసి బాయిలరు ముట్టిస్తే మంట ఆవగింజ నుంచి మిరియం గింజ అయింది. కృపానందం గారు వంగుతూ వచ్చి, వంగే కొలిచి, "మూడింతల అభివృద్ధి," అన్నారు. నీళ్లు కాగాయా అని అడిగితే, అది తర్వాతి దశలో పరిశీలిస్తామన్నారు.

రెండు వారాలు అయిపోయాయి. రత్నకుమారికి నొప్పులు ఎప్పుడైనా రావచ్చు. కాసులమ్మ దగ్గరకి వచ్చే బాలింతలు మానేశారు. ఊళ్లో పసిపిల్లలు నిద్రలేక ఏడుస్తుంటే వాళ్ల తండ్రులు తెల్లారేసరికి ఎర్రటి కళ్లతో టీ కొట్టు దగ్గర చేరేవారు. అంత మంది కోపంగా ఉన్న జనాన్ని నేను ఏ ధర్నాకీ పోగుచెయ్యలేకపోయాను. వాళ్లందర్నీ వెంటేసుకుని, గొట్టం భుజాన వేసుకుని, మళ్లీ ఆఫీసుకి వెళ్లాను.

కృపానందం గారు మమ్మల్ని చూసి కంగారుపడలేదు. "గొట్టం బాయిలరు దాకా పోలేకపోతే బాయిలరే గొట్టం దగ్గరకి రావాలి," అన్నారు. "బాయిలరు అరుగు మీద పెట్టండి. మీటరుకి రెండు మీటర్లు."

ఇది తెలివైన మాటే. పెట్టాం. బాయిలరు తామరపువ్వులాగా విచ్చుకుని మండింది. పావుగంటలో నీళ్లు సలసలా కాగాయి. అరుగు చుట్టూ నాలుగు చీరలు కట్టి, కాసులమ్మ వీధిలోనే నీళ్లు పోయడం మొదలెట్టింది. మూడు రోజులు ఊరంతా నిద్రపోయింది. చీర తెరల వెనక నుంచి పసిపిల్లల కేరింతలు, సున్నిపిండి వాసన, ఆవిరి. స్కూటర్ల మీద పోయేవాళ్లు అక్కడికి రాగానే వేగం తగ్గించి, హారన్లు మానేసేవారు.

నాలుగో రోజు మున్సిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టరు బుల్లెయ్య గారు వచ్చారు.

"స్నానాల గది ఇంటి ముందుభాగంలో ఉండరాదమ్మా. దొడ్లో ఉండాలి. నిబంధన."

"దొడ్లో పెడితే కాగదు, ఇక్కడ పెడితే కూడదంటారు. నా నెత్తిన పెట్టుకోమంటారా బాబూ?"

"ఆ విషయం నిబంధనల్లో లేదమ్మా," అన్నారు బుల్లెయ్య గారు, పాపం, నిజంగానే పుస్తకం తిరగేసి.

రెండు కార్యాలయాలూ కలిసి కూర్చున్నాయి. నన్నూ పిలిచారు. గొట్టానికి ఈసారి వాచ్‌మన్ అడక్కుండానే తలుపు తీశాడు. బుల్లెయ్య గారి పుస్తకం స్నానాలు దొడ్లో ఉండాలంటుంది. కృపానందం గారి విధానం బాయిలరు మీటరు దగ్గర ఉండాలంటుంది. రెండూ గౌరవించదగినవే. రెండు గంటలు టీలు తాగారు. మూడో టీ దగ్గర కృపానందం గారి మొహం వెలిగింది.

"దొడ్డి అనగా ఏమిటి?" అని అడిగారు.

మాకందరికీ దొడ్లున్నాయి గానీ అదేమిటని ఎవరం అడగలేదు.

"దొడ్డి అనగా స్నానం, బట్టలుతుకు వగైరాలు జరుగు భాగం. కాసులమ్మ గారి ఇంట్లో అవి ఎక్కడ జరుగుతున్నాయి? వీధి అరుగు మీద. కాబట్టి వీధి అరుగే దొడ్డి. మనం కొత్తగా చేయవలసింది లేదు. జరిగినదాన్ని గుర్తించడమే."

ఆ సాయంత్రమే 'ముఖ విపర్యయ ఉత్తర్వు' వచ్చింది. కాసులమ్మ ఇంటికి వీధి వైపు ఇకనుంచి వెనకభాగం. సందు వైపు ముందుభాగం. ఇంటి నంబరు రేకు పీకి సందు గోడకి కొట్టారు. ముందుభాగానికి గుమ్మం ఉండాలి కనుక దొడ్డి గోడ పగలగొట్టి గుమ్మం పెట్టారు. గుమ్మానికి పసుపు రాయడానికి కాసులమ్మ ఒప్పుకోలేదు. "ఏ వైపుకి రాయను? రేపు మళ్లీ తిప్పితేనో?" అంది.

అదే రోజు రత్నకుమారి ఆస్పత్రిలో ఆడపిల్లని కంది. మూడు కిలోల రెండు వందల గ్రాములు. ఐదో రోజు పొద్దున్న పది గంటలకి ఇంటికి పంపిస్తామన్నారు.

"రాగానే నీళ్లు పోస్తాను," అంది కాసులమ్మ. ఎవరితోనూ కాదు, బాయిలరుతోనే అంది. పక్కనే ఉన్నాను గనక విన్నాను.

ఇక్కడితో అయిపోతే నేను ఈ కథ రాసేవాణ్ణి కాదు. అరుగు మీద బాయిలరు వెలుగుతోంది, కాగితాల మీద అరుగు దొడ్డి అయింది, అందరూ సంతోషం. కానీ మండలి నిబంధనల్లో నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. మీటరు ఎల్లవేళలా ఇంటి ముందుభాగంలో ఉండవలెను.

మర్నాడే మండలి మనుషులు వచ్చి మీటరు పీకేశారు.

"ఏమండీ ఇది," అని కృపానందం గారిని ఫోనులో అడిగాను.

"మీటరు వెనకభాగంలో ఉందని తెలిసీ ఊరుకోలేం కదండీ. సందులో పెట్టిస్తాం."

"సందులో మీ లైనే లేదు."

"వేస్తాం. గురువారం పురస్కార కమిటీ వస్తోంది. ఏక గొట్టం విధానానికి రాష్ట్రంలో మొదటి బహుమతి మనకే వచ్చేలా ఉంది. ఆలోగా ఈ ఊళ్లో ఒక్క ఫిర్యాదు కూడా మిగలకూడదు."

రత్నకుమారి ఇంటికొచ్చేదీ గురువారమే.

మూడు రోజులు సందు తవ్వారు. తవ్వే యంత్రం సందులో పట్టక, దానికోసం రెండు గోడల మూలలు చెక్కారు. గేదెలు తమ దారి ఏమైందా అని చివర నిలబడి చూశాయి. నూట ఎనభై మీటర్లు. గుంటలోకి దించుతున్న గొట్టం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. అది నాలుగంగుళాలు.

"అయ్యా," అన్నాను కృపానందం గారితో, గట్టు మీద నిలబడి. "కాసులమ్మకి కావలసింది అంగుళం. ముప్పై మీటర్లు. అది ఇవ్వకుండా ఉండడానికి నూట ఎనభై మీటర్లు నాలుగంగుళాల గొట్టం పాతుతున్నారు."

"అవునండి," అన్నారాయన, ఎండకి చేతిరుమాలు నెత్తిన వేసుకుని. "నాలుగంగుళాల మీద విధానం ఏమీ లేదు."

గురువారం తొమ్మిదిన్నరకి సందులో మీటరు బిగించడం అయింది. అదే ఇంటి ముందుభాగం కదా, అక్కడినుంచి అరంగుళం గొట్టం మెడ ఎత్తున ఇల్లంతా దాటి వీధి అరుగు మీదున్న బాయిలరు దాకా కలిపారు. కృపానందం గారు స్వయంగా అగ్గిపుల్ల గీశారు.

మిరియం గింజంత మంట వచ్చింది. వణికింది. ఆరిపోయింది.

ఆయన బాయిలరు వైపు చూశారు. ఇల్లంతా వంగుతూ వెళ్లి మీటరు చూశారు. వంగుతూ తిరిగి వచ్చారు. మళ్లీ ముప్పై మీటర్లే. మీటరు ఇల్లు చుట్టి దొడ్లోకి పోయింది, బాయిలరు దొడ్లోంచి అరుగు మీదకి వచ్చింది, రెండూ ఒకదానికొకటి ఎదురుపడకుండా దాటిపోయాయి. ఆయన జేబులోంచి కలం తీశారు.

"దీనికి ఒక సవరణ ఉత్తర్వు..." అని మొదలెట్టారు.

"తమ్ముడా," అంది కాసులమ్మ. "ఇస్మాయిలూ. ఆ కొస పట్టుకోండి."

అంతే అంది. చీర కుచ్చిళ్లు ఎగదోపి తనూ ఒక చెయ్యి వేసింది. ముగ్గురం బాయిలరు ఎత్తాం. వీధి గుమ్మం దాటించి, నాలుగు గదులూ గొట్టం కింద వంగుతూ, గోడలకి భుజాలు ఒరుసుకుంటూ, దొడ్లో దాని పాత దిమ్మె మీద పెట్టాం. దానికి రెండు మీటర్ల దూరంలో, సందు గోడకి, కొత్త మీటరు. ఇస్మాయిల్ రెండు మీటర్ల అరంగుళం గొట్టం కోసి బిగించి, సబ్బు నురగ రాసి కారడం లేదని చూసుకున్నాడు. కాసులమ్మ ముట్టించింది.

తామరపువ్వు.

ఆటో సందులో పట్టక చివరే ఆగింది. రత్నకుమారి పిల్లని పొత్తిళ్లలో పెట్టుకుని గేదెలు దాటి నడిచి వచ్చింది. కొత్త గుమ్మంలో ఆగి, "ఇదేనా ముందు?" అని అడిగింది.

"కాగితాల్లో ఇదేనమ్మా," అన్నాను.

"కాసేపు మాకూ ఇదే అనుకోండి. ఆ గొట్టం కింద వంగలేను."

కమిటీ వస్తుందని పొద్దుటి నుంచీ అక్కడే ఉన్న బుల్లెయ్య గారు అప్పుడు అడ్డం వచ్చారు. ఉత్తర్వు ప్రకారం దొడ్డి ఇప్పుడు ఇంటి ముందుభాగం. ముందుభాగంలో స్నానం కూడదు. పుస్తకం తెరిచారు. కృపానందం గారి కలం కాగితం మీదకి వచ్చింది. నా భుజం మీదకి మళ్లీ నా అంగుళం గొట్టం ఎక్కింది. ఎటు తిప్పాలో తెలియలేదు.

"నీళ్లు కలపాలి, ఈ పిల్లని కాస్త పట్టుకోండి బాబూ," అని కాసులమ్మ పిల్లని కృపానందం గారి చేతుల్లో పెట్టేసింది. "ఊఁ, మెడ కింద చెయ్యి. అది ఫైలు కాదు, అలా పట్టుకోకండి. బుల్లెయ్యా, నువ్వు ఆ తువ్వాలు పట్టుకో. నీకూ నేనే పోశాను. నోరు ఇలాగే తెరుచుకుని ఉండేవాడివి."

రెండు చేతులా పిల్ల ఉంటే ఎవరూ ఏమీ రాయలేరు. ఇన్నేళ్లలో నాకు తట్టని ఉద్యమ పద్ధతి ఇది.

కాసులమ్మ మోచేత్తో నీళ్లు చూసుకుంది. పిల్లని కాళ్ల మీద వేసుకుంది. మొదటి చెంబు పడగానే ఆ పిల్ల వీధంతా వినపడేలా ఏడ్చింది. రెండో చెంబుకి ఆలోచనలో పడింది. మూడో చెంబుకి కళ్లు మూసుకుంది. తర్వాత తుడిచి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి పొగ పట్టింది. పొగరహిత వీధిలో పొగ లేచింది. మండలి మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అది పొగ కాదండి," అన్నారు బుల్లెయ్య గారు, తువ్వాలు పట్టుకునే. "ధూపం."

పురస్కార కమిటీ పదకొండు గంటలకి వచ్చింది. బాయిలరు చూశారు, గొట్టం చూశారు, అరంగుళం అని కొలిచి రాసుకున్నారు. నడి గదిలోకి వెళ్లినాక వాళ్లలో ఒకాయన ఆగిపోయారు. అక్కడ రెండు దూలాల మధ్య ఒక ఇనప గొట్టానికి చీర ఉయ్యాల కట్టి, పిల్లని పడుకోబెట్టారు. గొట్టం మెడలో పాసు వేలాడుతోంది.

"ఇది అంగుళం గొట్టం," అన్నారాయన. "విధానానికి విరుద్ధం."

నిజమే. అది నాదే. ఉయ్యాలకి ముందు అరంగుళం గొట్టమే కట్టి చూశారు. పిల్ల బరువుకి ఊగినప్పుడల్లా మధ్యలో కిందికి దిగింది. కాసులమ్మ నా భుజం మీదిది తీసేసుకుంది.

కృపానందం గారు ముందుకి వచ్చారు. ఆయన చొక్కా మీద పిల్ల చేసిన తడి ఇంకా ఆరలేదు. "అందులో వాయువు లేదండి," అన్నారు. "గొట్టం పరిమాణం వాడకాన్ని బట్టి ఉండాలి కదా. దీని మీద వాడకం మూడు కిలోల రెండు వందలు. అరంగుళం ఆగదు."

నేను ఆయన మొహంలోకి చూశాను. తనేమన్నారో ఆయనకి తెలిసినట్టు లేదు.

బహుమతి వచ్చింది. ఒక ఇల్లు సందు వైపు తిరిగి మిగతావి వీధి వైపు ఉంటే సమానత్వం దెబ్బతింటుందని తర్వాతి నెలలో మా వీధి మొత్తాన్ని తిప్పేశారు. ఇప్పుడు మా ఊరేగింపులన్నీ గేదెల సందులో పోతాయి. వీధిలో బట్టలారేసుకుంటాం. పోస్టుమాన్ రెండు వైపులా తిరిగి సన్నబడ్డాడు. అర్జీ మాత్రం నేను వెనక్కి తీసుకోలేదు. 'అరంగుళం గొట్టం సమస్య లేనందున తిరస్కరించడమైనది' అని జవాబొచ్చింది. దాన్ని పటం కట్టించాను. గోడకి నిండుగా ఉంది.

కాసులమ్మకి ఇప్పుడు రోజుకి తొమ్మిది మంది బాలింతలు.

మొన్న ఆదివారం పొద్దున్న నేను అక్కడే కూర్చుని టీ తాగుతుంటే కృపానందం గారు వచ్చారు. సెలవు రోజు. వెంట వాళ్లమ్మాయి, ఆవిడ చంకలో పది రోజుల మగపిల్లాడు. వీధి వైపు నుంచి రావాలో సందు వైపు నుంచి రావాలో తెలియక, ఇల్లు రెండుసార్లు చుట్టినట్టున్నారు, చెమటలు పట్టి ఉన్నాయి.

"ఎటు రావాలమ్మా?" అన్నారు.

"నీళ్లు కాగిన వైపు రండి బాబూ," అంది కాసులమ్మ.

మనవడికి నీళ్లు పోయడం, వాడు నిద్రపోవడం, కాసులమ్మ మనవరాలి పక్కన అదే ఉయ్యాలలో చోటుచేసి వాణ్ణి పడుకోబెట్టడం అయ్యాయి. ఆయన మెల్లగా నా పక్కకి వచ్చి కూర్చున్నారు.

"మా క్వార్టర్సులో బాయిలరు వెలగడం లేదండి," అన్నారు. "ఆవగింజంత వస్తుంది."

"ఎంత దూరం?"

"ముప్పై రెండు మీటర్లు."

"ముందు వెనకలు తిప్పించుకోండి. ఉత్తర్వు మీ చేతిలోదే కదా."

"వెనకాల రైలు పట్టాలండి."

నేను టీ తాగాను. ఇద్దరు పిల్లల బరువుకీ వంగకుండా, మెడలో పాసుతో, నడి గదిలో ఉయ్యాల మోస్తున్న గొట్టం వైపు ఆయన చాలాసేపు చూశారు. తర్వాత గొంతు బాగా తగ్గించి అడిగారు.

"ఆ గొట్టం ఎక్కడ కొన్నారండీ?"

"మెల్లిగా బాబూ," అంది కాసులమ్మ దొడ్లోంచి. "పిల్లలు పడుకున్నారు."